జానెడు ఎడం

హైరబోలు దగ్గర ఆ చేను మాది కాదు.
రఫెత్ ఆగా కౌలుకిచ్చి
విత్తనాల బస్తా అరువు పెట్టేసరికే
మే నెల సగం కరిగింది.
కొంగలు మార్చిలోనే వచ్చి గూళ్ళు సర్దుకున్నాయి.
బల్గేరియా వదిలి సరిహద్దు దాటిన మేమే
అన్నిటికీ ఆలస్యం.

అమ్మ మణికట్టు దాకా మట్టిలో చెయ్యి దింపింది,
జ్వరం చూసినట్టు.
"వేడెక్కిపోయింది," అంది.

సాలుకీ సాలుకీ మూడు జానలు,
మొక్కకీ మొక్కకీ జానెడు.
ఆ జాన అమ్మది. నా చెయ్యి చాలదని
తలగుడ్డ అంచు చింపి ముడులు వేసి ఇచ్చింది.

నాన్న వినలేదు.
గట్టు పక్క నాలుగు సాళ్ళు గుప్పెళ్ళతో ఒత్తుగా పోశాడు.
"ఎన్ని మొక్కలో అంత నూనె!"
ఒక్క గదిలో ఏడుగురం పడుకునేవాళ్ళం అప్పుడు.
తమ్ముడి మోకాలు నా డొక్కలో,
అమ్మమ్మ దగ్గు అందరిదీ.
అయినా ఆయనకి ఒత్తంటేనే ధైర్యం.

నాలుగాకులు తొడిగాక
పలచన చెయ్యడం నా పని.
జంటగా లేచినచోట ఒకటి పీకాలి.
ఏది?
"చేతికే తెలుస్తుంది," అంది అమ్మ.
తెలియలేదు.
పొడుగుది పీకాను, తర్వాత పొట్టిది,
తర్వాత కళ్ళు మూసుకుని.
పీకినవన్నీ ఒళ్ళో మోసుకెళ్ళి
చేను చివర మళ్ళీ నాటాను, ఎవరూ చూడకుండా.
పొద్దు వాలేలోపే వాలిపోయాయి.

జూలై ఆఖరి ఎండలో పూత.
నాన్న సాళ్ళలో పూలు కాఫీ సాసరంత,
కాడలు చీపురుపుల్లలు.
ఒక్క గాలివానకి ఒకదానిమీదొకటి పడ్డాయి,
మా పక్కల్లాగే.
నేను గుడ్డిగా పీకి ఖాళీ చేసినచోట
ఒంటరి మొక్క ఒకటి పెనమంత పూసి
అక్టోబరు దాకా ఎండలేదు.
అమ్మ సాళ్ళు నిటారుగా నిలిచాయి.
కానీ నడిమి గింజ నొక్కితే
పొట్టు పలికింది. పప్పు లేదు.

ఎడం కుదిరింది, అదను తప్పింది.
రఫెత్ ఆగా తూకం ముల్లు చూసి
ఏమీ అనలేదు. అదే ఎక్కువ.

కాగితాల్లో దీని పేరు చంద్రపువ్వు.
మా నోట మాత్రం పొద్దుతిరుగుడే.
ముదిరాక అదీ తిరగదు.
చేనంతా తూర్పుకే నిలిచిపోయింది,
వదిలొచ్చిన వైపు వీపు పెట్టి.

మరుసటేడు ఏప్రిల్‌లో, ఇంకా మంచు విడకముందే,
అమ్మ నన్ను లేపి
నా చెయ్యి మట్టిలో దించింది.
చల్లగా ఉంది, కానీ కొరకడం లేదు.
"ఇదీ," అంది.

ముడుల గుడ్డ ఎక్కడో పోయింది.
నా జాన ఇంకా రెండు వేళ్ళు తక్కువ.
ఆ రెండు వేళ్ళూ కలిపి
విత్తు పెట్టాను.