వెయ్యీ ఎనభై పోగులు

పొందూరులో సాలి వీధి, చివరి పెంకుటిల్లు.
డాబా లేదు గనక
గొడుగుని దూలానికే మేకులేసి బిగించాను.
తవిటమ్మ రాట్నం ఆపకుండానే అడిగింది:
"హెచ్‌డీ అంటే ఏటి బాబూ?
నెల నెలా అంత ఎక్కువ గుంజుతారు, అందులో ఏటుంటాది?"

కంపెనీ వాళ్ళు నేర్పిన మాటలు నా నోట్లోనే ఉన్నాయి.
ఆమె ఒళ్ళో ఏకులు, పక్కన వాలుగ చేప దవడ చూశాక
అవి బైటికి రాలేదు.
"బొమ్మ కూడా నేతేనమ్మా.
పాత పెట్టెలో అడ్డం ఐదొందల చిల్లర పోగులు,
దీన్లో వెయ్యీ ఎనభై."
కదురు ఆగింది.
"అలాగ సెప్పు మరి."

చీటీ ఎత్తి కొన్న తెర వెలిగింది.
వార్తలు చదివే అమ్మాయి ముక్కు మీద పౌడరు గీత,
భుజాన ఖద్దరు చీర.
తవిటమ్మ దగ్గరకెళ్ళి కళ్ళు చికిలించి
"మిల్లు నూలు! ఖద్దరంట, ఖద్దరు!" అని
పక్కింటికి వినపడేలా నవ్వింది.
హెచ్‌డీకి ఇంతకు మించిన వాడకం
నా సంచిలోని పుస్తకంలో లేదు.

ఆమె పెట్టించుకున్నది మాత్రం దీనికి కాదు.

ఆవేళ చేనేత దినోత్సవం.
మజ్జిగిచ్చి, మళ్ళీ మజ్జిగిచ్చి
మధ్యాహ్నం దాకా నన్ను కదలనివ్వలేదు.
చేనేత మాటెత్తితే ఛానెల్ వాడు వేసే ముక్క ఒకటుంది,
ఎప్పటిదో సమ్మె: ఎండ, జెండాలు, నడిరోడ్డు మీద జనం,
మూడో వరసలో తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి.
"మా ఇంటాయన. ఒక్క ఫొటో దిగనోడు.
ఇన్నేళ్ళూ మసగ్గానే సూసినాను."

వచ్చింది.
తువ్వాలు నాలుగు తెల్ల గళ్ళు.
మొహం, చామనచాయ గళ్ళు.
దుమ్మేమో అని ఆమె వేలితో తుడిచింది.
"ఇంకొంచెం సన్నం సెయ్యి బాబూ."
తీసిననాడు పడని గీత ఇప్పుడెలా వస్తుందో
చెప్పే మాట కోసం నేను రిమోట్ నొక్కుతూ వెతుక్కుంటుంటే
ఆమే అంది:
"ముతక పత్తికి సన్న నూలు రాదులే."

చెప్పులేసుకుంటుంటే మళ్ళీ అదే ముక్క.
ఈసారి తెర దగ్గరకి పోలేదు.
పీట ఎత్తుకుని వెనక్కి, ఇంకా వెనక్కి,
గుమ్మం దాటి అరుగు మీద కూర్చుంది.
"ఇదిగో. ఇప్పుడు ఆయనే."

నేనూ ఆమె పక్కన నిలబడి చూశాను.
తువ్వాలు తువ్వాలులాగే ఉంది.