రెండు వందల పన్నెండు తర్వాత

రాజోలు కోర్టు వెనక బార్ లైబ్రరీలో
మూడు బీరువాలకీ తాళంచెవి నా మొలతాడుకే.
పేరు పెయ్యల ఇమ్మానుయేలు. చదువు ఎనిమిది.
ఇంగ్లీషు నాకు కంటికి తెలుసు, నోటికి తెలీదు.
నల్లకోటు ఏది అడిగినా వీపు చూసి తీసిస్తాను:
చట్టాలు ఎర్ర తోలు, తీర్పులు గోధుమరంగు,
వకీళ్ల నడవడి గురించిన సన్న పుస్తకం పచ్చ అట్ట.
దుమ్ము దాని మీదే ఎక్కువ.

ఢిల్లీలో ఒక మాట మారితే
మాకో చీటీ వస్తుంది.
మైదా కాచి, చిటికెడు మైలుతుత్తం కలిపి
పాత మాట మీద కొత్త మాట అంటిస్తాను.
ముప్పయ్యేళ్లలో కొన్ని పేజీలు
తాపేశ్వరం కాజాల్లా పొరలెక్కాయి.

వరదేడు వశిష్ఠ గుమ్మం దాటింది.
కింది అరలు మునిగాయి.
గుమాస్తా వీర్రాజూ నేనూ
వరండాలో కొబ్బరితాళ్లు కట్టి
పుస్తకాల్ని ఎండుచేపల్లా ఆరేశాం.
తడిసిన ఆకులు ఒక్కొక్కటీ విడదీస్తుంటే
రెండు వందల పన్నెండు తర్వాత
రెండు వందల పదిహేను వచ్చింది.

నీళ్లు చింపితే అంచున పీచు లేస్తుంది.
ఇది బ్లేడు.

రిజిస్టరు పై అరలో ఉండి తడవలేదు.
ఆఖరున సంతకం చింతలూరి దక్షిణామూర్తి గారిది.
మా పిల్ల కాలేజీ ఫీజు కట్టిన మనిషి.
"పుస్తకాలన్నీ బాగానే ఆరాయా, ఇమ్మానుయేలూ?"
"ఆయ్" అన్నాను.

అప్పట్లో పెసరలంక దావా నడుస్తోంది.
గోదారి మింగేసి, పదకొండేళ్లకి
అదే చోట కక్కిన నాలుగెకరాల ఒండ్రు.
రొయ్యల చెరువుల ఆసామి తరఫున దక్షిణామూర్తి గారు.
నల్లి సత్తెమ్మ తరఫున
నిన్నగాక మొన్న కోటు కుట్టించుకున్న గుబ్బల విజయకళ.
మునిగిన నేల తేలితే ఎవరిదో
ఆ రెండు పేజీల్లో ఉందట.
ఆ అమ్మాయి తిప్పి తిప్పి
అంకెల దగ్గర వేలు ఆపి నా వంక చూసింది.
నేను ఫ్యాను వంక చూశాను.

ఆ రాత్రి పచ్చ అట్ట పుస్తకం ఇంటికి తెచ్చాను,
రిజిస్టర్లో రాసే తెచ్చాను.
మా పిల్ల డిక్షనరీ పక్కన పెట్టుకుని
కూడబలుక్కుంటే ఒక్క వాక్యానికి తెల్లారింది:
తనకి ఎదురొచ్చే తీర్పు తెలిసీ
వకీలు కోర్టుకి దాచకూడదు.
అటెండరు సంగతి ఏమీ లేదు.
చివరి ఇండెక్సు దాకా వెతికాను.
లేదు.

సోమవారం కడుపునొప్పని చెప్పి
రాజమండ్రి బస్సెక్కాను.
అక్కడి లైబ్రరీలో జిరాక్సు మిషను పాడు.
తెల్లకాగితాలు కొనుక్కుని కూర్చున్నాను.
రాయడం కాదది, గీయడం.
వల అల్లేవాడు కన్ను కన్నూ లెక్కపెట్టుకున్నట్టు
ఒక్కో అక్షరం.
చుక్క వదల్లేదు, కామా వదల్లేదు,
ఏది ప్రాణమో నాకు తెలీదు గనక.
లైట్లు తీసేసే వేళకి
మధ్యవేలి మీద కాయ కాసింది.

వచ్చి మైదా కాచాను.

వాదన రోజు విజయకళ పుస్తకం పైకందించింది.
జడ్జీగారు కళ్లద్దాలు మార్చుకున్నారు.
"ఇదెవరి చేతిరాత?"
దక్షిణామూర్తి గారు లేవలేదు,
నా వంక చూడలేదు.
తన చేతుల వంక చూసుకున్నారు.
గుమ్మం దగ్గర్నించి
"ఆయ్, నాదేనండి" అన్నాను.
గొంతు నాదిలా లేదు.

అసలు ప్రతి తెప్పించి సరిచూడాలన్నారు.
వాయిదా.
మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ సత్తెమ్మ
"నా పొలం ఆ కాయితంలో ఉందా బాబూ?" అంది.
"చదవడం రాదు తల్లీ,
ఉన్నదున్నట్టు దించాను."

దావా ఇంకా నడుస్తోంది.
మా పిల్ల ఫీజు ఈసారి చిట్టీ పాడి కట్టాను.
వాన ముందే పట్టేలా ఉందని
కింది అరలు ఖాళీ చేస్తూ
రెండు వందల పన్నెండు దగ్గర తెరిచి చూశాను.
పురుగు పట్టలేదు.
ఆ పేజీకి మైలుతుత్తం
రెండు చిటికెలు వేశాను.