చెవిరాయి

బెర్గెన్‌లో అర్ధరాత్రి గడువంటే
మనకి తెల్లవారుజాము నాలుగున్నర,
ఫిషింగ్ హార్బర్‌కి బోట్లు చేరే వేళ.

ఐసు పెట్టె మీద లాప్‌టాప్.
"మీ పరిశోధన ప్రపంచానికెందుకు?
మూడొందల మాటల్లో."
పదకొండో మాట దగ్గర ఆగిపోయాను.

కానాగంత చెవిలో నువ్వుగింజంత రాయి.
రోజుకో వలయం.
సముద్రం సలసలమన్న నెలల్లో
గీతకీ గీతకీ ఊపిరాడదు.

నాలుగేళ్లుగా నాకోసం తలలు దాచింది
సూరాడ దానమ్మ.
"ఏటే పాపా, సేప సెవిలో రాయికి
పరాయి దేశపోళ్ళు డబ్బులిత్తారేటి?"
ఇస్తే ఇస్తారు.
లేదంటే "చింతిస్తున్నాము" అని ఓ ఉత్తరం.
రెండున్నాయి నా దగ్గర.

బడ్జెట్ గడిలో విమానం, వీసా,
ఎప్పుడూ తొడగని చలికోటు.
కింద: సహకరించినవారి పేరు, హోదా, సంస్థ.

నాలుగూ ఇరవై ఆరు.
పేరు రాశాను.
హోదా దగ్గర వేలు ఆగింది.
"నువ్వేం చేస్తావని అడుగుతున్నారు."
కత్తి కడుగుతూ అంది,
"కన్ను సూసి సేప ఏనాటిదో సెప్తానని రాయి."

అదే రాశాను.
సంస్థ గడి ఖాళీగా వదిలితే
ఫారం ఒప్పుకోలేదు.
తొమ్మిదో నంబరు జెట్టీ, విశాఖపట్నం.

నొక్కాను.
తెర మీద చిన్న సున్నా
ఇంకా తిరుగుతోంది.