రూమోళ్ల గంజు

పాస్తా కావాలన్నది మనస్వి.
విమానం దిగి మూడు రోజులే అయింది.
నజ్మాల నెలకని తీసుకున్న ఒంటి గది,
సూట్‌కేసే అల్మారా, సూట్‌కేసే బల్ల.
గంజు లేదు.
సత్తన్ననడిగి రూమ్ గంజు తెచ్చిన.
ఏడుగురికి కోడికూర వండీ వండీ
అడుగు నల్లబడ్డది,
ఎంత తోమినా మసాలా వాసన పోలే.

దోహాల తొమ్మిదేళ్లు నేను చేసిన పని ఒక్కటే:
సల్వా రోడ్డు హోటల్ వెనక వంటింట్ల
కూరగాయలు కోసుడు.
పొయ్యి దాక రానీయరు.
కూసా, క్యారెట్, మూడు రంగుల క్యాప్సికం
అన్నీ అగ్గిపుల్లంత సన్నం, అగ్గిపుల్లంత పొడుగు.
ఒక్కటి వంకర పోయినా
రోడెల్ షెఫ్ వేలితోని పక్కకు నెడతడు.
నేను కోసినవి తలుపు దాటి పోతయి,
ఖాళీ ప్లేట్లు తిరిగొస్తయి.
మధ్యల ఎవరి నోరూ నేను చూడలే.

శుక్రవారం పొద్దుగాల మార్కెట్‌కు పోయినం.
కూసాను అరచేతుల తూచి జమున
"ఇది పిల్ల సోరకాయ గాదా" అన్నది.
అమ్మేటాయన బాదింజాన్ అంటే
"వంకాయ అని చెప్పు ఆయనకు" అన్నది నాతోని.
జర్జీర్ ఆకు నలిపి, వాసన చూసి,
"ఆవాలకు చెల్లెలు" అని
రెండు కట్టలు సంచిలేసింది.
తొమ్మిదేళ్లుగ నేను కోస్తున్న వాటికి
ఒక్క పొద్దుల చుట్టాలు దొరికిండ్రు.

కోరుట్ల డాక్టర్ ఆమెను అన్నం తగ్గించమన్నడట.
ఆ చిట్టీ మీది అంకె ఫోన్ల చెప్పలే,
ఇక్కడికొచ్చినంక, పచ్చడి సీసాలు తీస్తూ తీస్తూ
నడుమల చూపెట్టింది.
అందుకే గోధుమ పాస్తా, అదీ పిడికెడు.
కూరగాయలు మూడు పిడికిళ్లు.

కత్తి పట్టిన. చెయ్యి దానంతట అదే ఉరికింది,
టకటకటక, అన్నీ అగ్గిపుల్లలే.
"నాన్నా, నువ్వు మిషిన్‌వా?" అన్నది మనస్వి.
నవ్విన గని
చెయ్యి ఆగింది.

"ఇటియ్యి" అని జమున కింద కూసున్నది.
కత్తిపీట లేదాయె,
వంకాయను చేతులనే పట్టుకొని
బొటనవేలి మీదికి కత్తి గుంజుకుంట కోసింది,
ఓ ముక్క పెద్దగ, ఓ ముక్క పేలికంత.
రోడెల్ చూస్తే అన్నీ బకెట్లకే.
నేను ఒక్కటి గూడ పక్కకు నెట్టలే.

ఎల్లిగడ్డ చిటపటమన్నది.
టమాటలు పొట్టు విడిచి కూలబడ్డయి.
అప్పుడు తెల్సింది,
తొమ్మిదేళ్ల వంటింటోనికి
ఉప్పు ఎంతెయ్యాల్నో తెల్వదని.
జమున అరచేతుల పోసుకొని చూడకుండనే ఏసింది.
పాస్తా జర ఎక్కువనే మెత్తబడ్డది.
దించినంక పైన జర్జీర్ తుంపి చల్లినం.

"ఇండ్ల చికెన్ ఉందా?"
"లేదు బిడ్డా."
"వాసనొస్తుంది మరి."
"అది సత్తన్న గంజు."

తిన్నది.
క్యారెట్ ముందు, తర్వాత పసుపు క్యాప్సికం,
వంకాయ ముక్కలు ఒక్కొక్కటి లెక్కపెట్టి
తల్లి ప్లేట్లకు పంపింది.
కూసాను గుర్తుపట్టలే, మింగింది.
మూతి పక్కన ఎర్రగ ఒక గీత.
"నీ ప్లేట్ చల్లగైతుంది నాన్నా,
నా మొఖం ఎందుకు చూస్తవ్?"
ఏం చెప్తం.

ఫోన్ మోగింది. "రేపు వంట నాది,
గంజు తెస్తవా, తేవా?"

మిగిలింది దాంట్లనే ఉంచి తీస్కపోయిన.
మంచాల నడుమ పేపర్ పరిచిండ్రు,
ఏడు చెంచాలు దిగినయి.
"ఇదేం సేమియారా" అన్నడొకడు, ఆపకుంట.
సత్తన్న మటుకు
వంకర వంకాయ ముక్క వేళ్లతో తీసి
ట్యూబులైటుకు పెట్టి తిప్పి చూసి
"ఇది నువ్వు కోసింది గాదు" అన్నడు.