పెన్సిల్ గీత

షార్జా, రోలా వెనక తొమ్మిదంతస్తుల మిద్దె.
పొద్దుగాల ఐదుకే నీళ్ల ట్యాంకు ముడితే సురుక్కుమంటది.
పన్నెండున్నరకు పని బందు,
ఆలోపే ఆరు అతుకులు పడాలె.

ఓదెలూ, టార్చి తర్వాత. ముందు పైపు కొన చూడు.
గరుకు గీకేటప్పుడు మూతి కిందికి పట్టు,
రజను లోపల పడితే కంప్రెసరు నములుకుంటది
పళ్లు రాలేదాక.

పాత లైన్ల గ్యాసు తీసినవా? మొత్తం?
మంట ఒక్కసారి ఆకుపచ్చగ తిరిగిందనుకో
అందం చూసుకుంట నిలబడకు,
గాలి వచ్చే దిక్కుకు ఉరుకు.
కుంజుమోన్ ఒక్క నిమిషం నిలబడ్డడు,
నెలరోజులు దగ్గిండు.

ఇగ నైట్రోజన్. జోరుగ కాదు,
పెదవి తడి చేసుకొని అవతలి కొనకు పెట్టు,
పండుకున్న పసిపిల్ల ఊపిరి తీరు
తెల్సీ తెల్వనట్టు తగలాలె.
ఆ కొన మాత్రం మూయకు.
ఈ ఊపిరి లేకుంట కాలిస్తే
బయట బంగారం తీరు మెరుస్తది అతుకు,
లోపల మసి, పొట్టు పొట్టుగ.
నాకు ఎవ్వరు చెప్పలే.
మొదటేడు నలభై అతుకులు అట్లనే ఏసిన.
ఇప్పటికీ అజ్మాన్ బస్సెక్కితే
కిటికీ దిక్కు కూసోను.

వాల్వుకు తడిగుడ్డ చుట్టు.
లోపలి రబ్బరుకు నీ తొందర తెల్వది.
ఎండితే మళ్ల తడుపు, నీ తాగే నీళ్లైనా సరే.

అసిటిలిన్ ముందు, ఆక్సిజన్ ఎనక.
కడ్డీని కాల్చకు, రాగిని కాల్చు.
కోరుట్లల మా నాయిన కళాయి పూసేటోడు,
నవాసారం పొగల కండ్లు చిట్లించి అనేటోడు:
"గిన్నె ఒప్పుకుంటే తగరం అదే ఉరుకుతది."
ఒప్పుకున్నట్టు ఎట్ల తెలుస్తదంటే
దూది చేతికిచ్చేటోడు, అంతే.

చూడు, నల్లబడ్డది. ఆగు.
మబ్బుల పొద్దు తీరు ఎర్రబడ్డది.
ముట్టియ్యి కడ్డీ!
చూసినవా, సందు తనంతల తానే మింగింది.
చాలు. తియ్యి. ఇంకా పెడితే అతుకు కాదది, కణితి.
నైట్రోజన్ అప్పుడే కట్టకు, చల్లారనీ.

సాయంత్రం నాలుగొందల యాభై దాక నైట్రోజనే నింపినం.
ఆక్సిజన్‌తోని పరీక్ష చేసేటోడుంటే
వాని మిద్దె దిగిపో, దోస్తానా తర్వాత.
అతుకు అతుకుకూ సబ్బు నురుగు పూసి
రాని బుడగ కోసం కూసున్నం.
గేజి అద్దం మీద ఓదెలు పెన్సిల్‌తోని గీత గీసిండు.

రాత్రి రెండింటికి ఫోను.
"అన్నా, సూది దిగింది. రెండు గీతలు. నా అతుకేనే."
మిద్దె మీదున్నడు వాడు, ఎవ్వరికీ చెప్పకుంట.
"గాలి చల్లబడ్డదిరా, లోపలిది గూడ చల్లబడ్డది.
లీకు కాదు. పండుకో."
పండలే.

తెల్లారి పోతే అట్టముక్క మీద కూసున్నడు,
చేతిల సబ్బు డబ్బ, అడుగు ఎండిపోయి.
డిష్ యాంటెన్నాల మీదికి ఎండ ఎక్కుతున్నది.
సూది గూడ.
ఓదెలు పలకలే నాతోని,
గీతకు ఇంకా ఇంత దూరమున్నదని
వేలితోని చూపెట్టిండు.