రసమట్టం

పదకొండు అట్టపెట్టెలు దిగాయి
నరసాపురం పార్సిలాఫీసు నుంచి, ట్రాలీ ఆటోలో.
"ఫ్రిజ్జా అమ్మా?" అన్నాడు బండి కుర్రాడు.
"వంటిల్లు" అన్నాను.
పెట్టెల్నీ నన్నూ మార్చి మార్చి చూసి
పది రూపాయలు ఎక్కువ అడిగాడు.

మూడేళ్ల లేసు డబ్బు అది.
డజనుకింత అని ఏజెంటు లెక్కగట్టిన పూలు
ఏ దేశంలోనో భోజనాల బల్లల మీద పరుచుకున్నాక
మిగిలిన నా వేళ్ల నొప్పి
చెక్కపలకలై తిరిగొచ్చింది.

వడ్రంగి సూరన్న రోజుకింతని కూలి చెప్పి
"నువ్వు బిగించే పని కాదులే" అని
చుట్ట వెలిగించుకున్నాడు.
సరే, కాకపోతే కాకపోనీ.

పెట్టెలో కాగితం. అక్షరం ముక్క లేదు.
బాణాలు, చుక్కల గీతలు, అంకెలు.
మా ఆయన తిరగేసి, బోర్లేసి చూసి
పంటు వేళయిందని రేవుకి పోయాడు.
నాకది తెలిసిన చదువే.
గొలుసులు నాలుగు, నిలువులు రెండు,
ఒక కన్ను వదిలి మళ్లీ గుచ్చు:
లేసు నమూనా మాత్రం నోరు తెరిచి ఏం చెప్పింది గనక?

వంకర తిరిగిన ఇనప సూది ఒకటిచ్చారు.
"అల్లెన్ కీ అంటారత్తా" అంది
పక్కింటి హెప్సిబా, పాలిటెక్నిక్ పిల్ల.
అల్లెనో అల్లికో,
నా వేళ్లకి అర్థమైంది.

మొదటి పెట్టె తలకిందులుగా బిగించాను.
దారమైతే తప్పు కన్నుదాకా లాగేస్తే సరి,
ఏమీ జరగనట్టు ఉండలోకి పోతుంది.
చెక్క అలా కాదు, చిల్లు గుర్తుపెట్టుకుంటుంది.
అగ్గిపుల్ల విరిచి ఫెవికాల్ అద్ది దూర్చాను.
రెండోసారి మర పట్టింది.

అసలు గొడవ గోడతో.
మా బంకనేల మీద ఇల్లు
ఎండకోసారి, వానకోసారి ఒళ్లు విరుచుకుంటుంది.
ఏ మూలా మూలగా లేదు.
పలకలేమో మూలమట్టానికి ఒక్క నూలు తేడా ఒప్పుకోవు.
అమ్మాయి దావీదు మేస్త్రీ దగ్గర
రసమట్టం అరువు తెచ్చింది.
నేల మీద పెడితే
బుడగ పడమటికి పరిగెత్తింది.

పాత గట్టుని గునపంతో పడగొట్టాను.
వెనక సున్నం పొరలు పొరలుగా ఊడింది.
తెలుపు కింద నీలం, నీలం కింద పసుపు,
అన్నిటి కిందా
గుండెలెత్తున, ఈ చివర్నించి ఆ చివరికి,
ఒక గోధుమరంగు గీత.

హెప్సిబా దాని మీద రసమట్టం ఆనించింది.
బుడగ సరిగ్గా రెండు గీతల మధ్య ఆగి
ఇంక కదల్లేదు.

ఇంటి మొత్తానికి తిన్నగా ఉన్నది
ఏటిగట్టు తెగిన ఏడాది
గోదారి గీసి వెళ్లిన గీతొక్కటే.

రాత్రి డీజిలు వాసనతో మా ఆయనొచ్చాడు.
చెప్పులు విప్పకుండానే వేలు పెట్టి
గీత పొడుగునా నడిచాడు.
"అటక మీద కూచున్నాను. ఆరేళ్లు నాకు.
మేకపిల్లని కూడా ఎక్కించారు" అన్నాడు.
ఇంకేమీ చెప్పలేదు.
పై పెట్టెని భుజానికెత్తి, అడుగు అంచు గీత మీద ఆనించి
కదలకుండా నిలబడ్డాడు,
నేను మరలు తిప్పినంతసేపూ.

కింది వాటికి ప్లాస్టిక్ కాళ్లు.
తూర్పువి మూడు చుట్లు, పడమటివి పదకొండు.
ఇప్పుడు పప్పు గిన్నె
ఒక పక్కకే పొంగడం మానేస్తుందేమో చూడాలి.

అన్నీ అయ్యాక మూడు మరలు మిగిలాయి.
ఎక్కడివో కాగితం కూడా చెప్పలేదు.
దారం డబ్బాలో వేశాను.

ఎండుచేపల డబ్బా ఏ అరలోనూ పట్టలేదు.
పట్టదని నాకు ముందే తెలుసు, కొలిచే తెప్పించాను.
దాన్ని పెట్టెల మీద, గాలి తగిలేచోట పెట్టాను.
తెల్లారేసరికి కొత్త చెక్క వాసన ఓడిపోతే
అప్పుడు ఒప్పుకుంటాను
ఇది వంటిల్లేనని.