మూలన తెల్లక్షరాలు

సాయంత్రం నాలుక్కి విడుదల.
సినిమా కాదు, ట్రైలరే.
రెండు నిమిషాల పదకొండు సెకన్ల కోసరం
జమ్మలమడుగు సగం మా గేటు కాడ నిలబడింది.
టికెట్లు లేవు, చించడానికి నాకేం లేదు,
లోపల గోడకానుకొని నిలబడినా.

పక్కన ఓబుళమ్మ.
హాలు ఊడ్చే మనిషి. ఇరవై ఏండ్లుగా
ఏ సినిమాకైనా ఆఖరి పది నిమిషాలే తెలుసు ఆమెకు.

లైట్లు ఆరినాయి.
ఎర్రమట్టి, నాపరాళ్ల మిద్దె, మా యాస.
మా యాసే, అద్దెచొక్కా మాదిరి బిగుతుగా.
గడప మీద కూర్చున్నోడు బీడీ ముట్టిచ్చినాడు,
కింద మూలకు తెల్లక్షరాలొచ్చినాయి.
"ఏమని ఉండాదబ్బీ?"
"పొగ తాగితే ఆరోగ్యానికి చేటంట."
"నిజమే పాపం," అనింది.

అంతలో వేటకొడవలి లేచింది.
నాలుగు తలలు, నేను ఎంచినా.
ఐదోది గాల్లో ఉండంగానే డప్పులందుకున్నాయి.
మూల ఖాళీ.
ఓబుళమ్మ ఆ మూలనే చూస్తా ఉండాది
ఆఖరి బస్సు రావాల్సిన దారిని చూసినట్టు.
"దీనికేం రాయలేదా?"
"లేదు."
"బీడీ ఆరిపోయింటుందిలే."

కొడవలి కడుక్కొని వాడు గ్లాసెత్తినాడు,
అక్షరాలు పరిగెత్తుకొచ్చినాయి.
మా పెద్దమామ అట్లనే.
కాఫీలో రెండో చెంచా చక్కెరేస్తే చెయ్యి పట్టుకుంటాడు.
గట్టు కాడ తలలు పగిలిన దినం
ప్రొద్దుటూరులో పెండ్లికి పోయినాడు.

అప్పుడొచ్చింది మంద.
దుమ్ములో, హీరో కాళ్లకడ్డంగా,
ముందర ఒక పొట్టేలు, ఎడమకొమ్ము కొస విరిగినది.
"మా ఎర్రోడు!"
చీపురు కింద పడింది.
శివరాత్రి ముందర షూటింగుకు ఇచ్చినాది.
దినానికి మున్నూరు, గడ్డి వాళ్లదే.
మూలకు మళ్లీ అక్షరాలు.
అడగకముందే చదివినా:
"ఏ జంతువుకూ హాని జరగలేదంట."

ఆమె కాసేపు మాట్లాడలే.

మధ్యాన్నమే కోసినారు దాన్ని,
బయట, మూడంతస్తుల కటౌటు పాదాల కాడ.
సినిమాలో కనపడే పొట్టేలని
రెండు వేలు ఎక్కువిచ్చి కొనుక్కున్నారు పిల్లోళ్లు.
బేరమాడింది ఈమే. నోట్లింకా రొంటినే ఉండాయి.
"వాళ్లు రాసింది సరేలే," అనింది,
"వాళ్లేం చేయలేదు గదా."

ఈలలకు రెండోసారి ఏసినారు. మూడోసారీ ఏసినారు.
మూడుసార్లూ ఎర్రోడు దుమ్ములోంచి నడిచొచ్చినాడు.
మూడుసార్లూ హాని జరగలేదు.

జనం పోయినాక బకెట్టు తీసుకొని బయటకొచ్చింది.
పాదాల కాణ్నుంచి కడుగుతా కడుగుతా గోడ దాకా పోయింది.
గోడ మీద నీలం రంగు రాత,
దాని మీద దేందో ఎరుపు.
"ఇదేమని ఉండాది?"
"ఇక్కడ ఉమ్మి వేయరాదు."
ఊ, అని చీపురు తిప్పిపట్టి
ఆ అక్షరాల మీద కూడా రుద్దింది.
ఎరుపు పోలేదు.
నీలమే కొంచెం కరిగి కాలవలోకి పోయింది.